బొలోన్యాలో చిన్న హోటల్, పొడవాటి వసారాలు

మా అమ్మాయి ఇటలీలో బొలోన్యా యూనివర్సిటీలో ఎమ్మెస్ చదువుతోంది. ఇద్దరు ఇటాలియన్ అమ్మాయిలతో పంచుకున్న ఫ్లాట్‌లో దానికో చిన్న గది. "అమ్మా, మీరిద్దరూ ఇక్కడే ఉంటానంటే నేను వంటింట్లో పడుకోవాలి" అని టికెట్లు కొనకముందే చెప్పేసింది. ఆ ఊళ్లో స్టూడెంట్లకే గదులు దొరకడం కష్టం, చుట్టాలకు ఎక్కడ దొరుకుతాయి? దాంతో హోటల్ వెతికే పని మా ఆయన మీద పడింది.

ఆయన చూసినవి మూడు రకాలు. రైల్వే స్టేషన్‌కి ఉత్తరాన బొలోనీనా అనే పేట. అక్కడ అద్దె తక్కువే కానీ, ఊళ్లోకి వెళ్లాలన్న ప్రతిసారీ పట్టాల మీది వంతెన దాటాలి. రెండోది ఫియేరా వైపు, అంటే ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ దగ్గరుండే పెద్ద చెయిన్ హోటళ్లు. గదులు విశాలం, రాత్రి ఎనిమిది దాటితే చుట్టుపక్కల మనిషి కనపడడు. మూడోది పాత ఊరి నడిబొడ్డున టూ స్టార్ చిన్న హోటల్. మేం తీసుకున్నది ఇదే. ఇద్దరికీ బ్రేక్‌ఫాస్ట్‌తో కలిపి రాత్రికి 90 యూరోల చిల్లర.

బుక్ చేసేవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. బొలోన్యాలో హోటల్ రేట్లను నడిపేది టూరిస్టులకన్నా ఎక్కువగా ఎగ్జిబిషన్లే. మార్చిలో కాస్మెటిక్స్ వాళ్ల కాస్మోప్రోఫ్, వసంతంలో పిల్లల పుస్తకాల ఫెయిర్, సెప్టెంబర్‌లో టైల్స్ వాళ్ల చెర్సాయె. ఈ రోజుల్లో ఊరంతా వ్యాపారస్థులే. మేం ముందు అనుకున్న తేదీలకు ఇదే గది దాదాపు రెట్టింపు చూపించింది. మా అమ్మాయి ఫియేరా క్యాలెండర్ చూసి చెబితే గానీ కారణం తెలియలేదు. ఏప్రిల్ మూడో వారానికి మార్చుకుంటే మామూలు ధరకు వచ్చేసింది.

ఎయిర్‌పోర్టు నుంచి స్టేషన్‌కి మార్కోనీ ఎక్స్‌ప్రెస్ అనే మోనోరైలు ఉంది. ఏడెనిమిది నిమిషాల ప్రయాణానికి మనిషికి 12 యూరోల పైనే తీసుకుంటారు. దూరాన్ని బట్టి చూస్తే దోపిడీయే. కానీ పెట్టెలతో దిగినప్పుడు ఆ సుఖం ముందు బేరం గుర్తుకురాదు. స్టేషన్ నుంచి హోటల్‌కి నడిచే వెళ్లాం. సన్నగా వాన పడుతున్నా గొడుగు తీసే పని పడలేదు. వియా దెల్ ఇండిపెండెన్జా రోడ్డుకు రెండు వైపులా పోర్టికోలు, అంటే ఇళ్ల కింద వీధి పొడవునా సాగే వసారాలు. నేల కూడా నున్నగా ఉంటుంది, పెట్టె చక్రాలు హాయిగా దొర్లాయి. శని, ఆదివారాల్లో ఈ రోడ్డు మీద బండ్లను ఆపేస్తారు. ఆ రోజుల్లో దిగేవాళ్లు బస్సు, టాక్సీ తిన్నగా హోటల్ గుమ్మం దాకా వస్తాయని అనుకోవద్దు.

ఈ వసారాల కథ నాకు చాలా నచ్చింది. మధ్యయుగంలో చదువుకోడానికి, పనులకు జనం ఎగబడి వస్తుంటే, ఉన్న ఇళ్లకే పై అంతస్తులు వీధి మీదికి పెంచి, కింద స్తంభాలు నిలబెట్టారట. చాలా ఊళ్లు ఇలాంటి కట్టడాలను ఆక్రమణలని కూల్చేశాయి. బొలోన్యా మాత్రం 1288లో కొత్త ఇల్లు కట్టేవాళ్లంతా పోర్టికో కట్టి తీరాలని చట్టం చేసింది. గుర్రం మీద మనిషి వెళ్లేంత ఎత్తు ఉండాలి. స్థలం ఇంటివాళ్లది, నడిచే హక్కు అందరిదీ. ఇప్పుడు ఊరంతా కలిపి 60 కిలోమీటర్ల పైనే ఉన్నాయి. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి.

ఇక హోటల్. పాత భవనంలో పై అంతస్తుల్లో ఉంది. కింద వీధి తలుపు పక్కన ఒక బెల్లు, చిన్న బోర్డు, అంతే. లిఫ్ట్‌లో ఇద్దరు మనుషులు పడితే పెట్టె పట్టదు, పెట్టె పడితే ఒక్క మనిషే. మా ఆయన పెట్టెల్ని విడివిడిగా పంపి తాను మెట్లెక్కారు. రిసెప్షన్‌లో ఒక పెద్దాయన పాస్‌పోర్టులు తీసుకుని వివరాలు రాసుకున్నాడు. ఇటలీలో అతిథుల వివరాలు హోటల్ వాళ్లు పోలీసులకు పంపాలన్నది రూలు కాబట్టి కంగారు పడక్కర్లేదు. రాత్రి పదకొండు తర్వాత రిసెప్షన్‌లో ఎవరూ ఉండరు. వీధి తలుపుకి నంబర్ కోడ్ ఇస్తారు, గది తాళం మనమే ఉంచుకోవాలి. ఆ తాళానికి పావుకిలో ఇత్తడి గుండు వేలాడుతుంటుంది, ఎవరూ జేబులో వేసుకుని పోకుండా.

గది చిన్నదే. మంచానికీ గోడకీ మధ్య ఒక మనిషి నడిచే సందు. పెట్టెలు తెరవాలంటే వంతులు వేసుకోవాలి. కానీ దుప్పట్లు ఇస్త్రీ చేసి ఉన్నాయి, ఎక్కడా దుమ్ము లేదు, బాత్రూం మెరిసిపోతోంది. శుభ్రానికి మాత్రం నేను పూర్తి మార్కులు వేస్తాను. బాత్రూంలో షవర్ పక్కన పైనుంచి ఒక తాడు వేలాడుతుంది. అది లైటుకి కాదు, జారిపడితే సాయానికి పిలిచే అలారం. రాత్రివేళ చీకట్లో తడుముకుంటూ లాగకండి. బిడే, అంటే కడుక్కునే చిన్న తొట్టి, ఉంటుంది. 1975లో వచ్చిన నిబంధన ప్రకారం ఇటలీలో ప్రతి ఇంటికీ ఒక బాత్రూంలో అయినా అది ఉండాలి, అందుకే చౌక హోటళ్లలోనూ కనిపిస్తుంది. యూరప్‌లో మగ్గు కోసం వెతుక్కునే మన ప్రాణానికి ఇది పెద్ద ఊరట.

మన రెండు పిన్నుల ఫోన్ ఛార్జర్లు అక్కడి సాకెట్లలో చాలావరకు పడతాయి. మూడు పిన్నుల లాప్‌టాప్ ఛార్జర్‌కి అడాప్టర్ కావాలి. గదిలో కెటిల్ లేదు. వంట చేయకూడదని తలుపు వెనక నోటీసు అంటించి ఉంది. పెట్టెలో రైస్ కుక్కర్ పెట్టుకుని వెళ్లే మనవాళ్లు ఇది చదువుకుని బయల్దేరాలి. పై గదుల్లో వైఫై పేరుకే. మా ఆయన ఆఫీసు కాల్స్ అన్నీ రిసెప్షన్ సోఫాలో కూర్చునే చేసుకున్నారు.

నాకు ఇబ్బంది పెట్టింది చలి. మొదటి రాత్రి రేడియేటర్ చల్లగా ఉంటే పాడైందనుకుని చెప్పాను. పెద్దాయన నవ్వి క్యాలెండర్ చూపించాడు. బొలోన్యా ఉండే ప్రాంతంలో హీటింగ్ అక్టోబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకానే నడపాలని ప్రభుత్వ నిబంధన. ఆ తర్వాత చలేసినా మామూలుగా వెయ్యరు. పగలు ఎండ బానే కాసినా రాత్రి పాత రాతిగోడలు చల్లబడిపోతాయి. అడిగిన అయిదు నిమిషాల్లో రెండు ఉన్ని కంబళ్లు తెచ్చిచ్చాడు, ఆ తర్వాత అడగకుండానే మంచం మీద పెట్టి ఉంచేవారు.

రెండోది చప్పుడు. వసారాలు వానని ఆపుతాయి కానీ మాటల్ని పెంచుతాయి. కింద ఎవరు నవ్వినా కమానుల్లో మారుమోగి పైకి వస్తుంది. అందుకే వీధి వైపు కాకుండా లోపలి ముంగిలి వైపు గది అడగండి. మాకు అదే ఇచ్చారు. కిటికీలోంచి ఎదురింటి బట్టల తీగలు తప్ప ఏమీ కనపడవు, నిద్ర మాత్రం పట్టింది. యూనివర్సిటీ ఉండే వియా జాంబోనీ, వియా పెట్రోనీ చుట్టుపక్కల హోటల్ మాత్రం తీసుకోవద్దని మా అమ్మాయి గట్టిగా చెప్పింది. అక్కడ అర్ధరాత్రి దాకా స్టూడెంట్ల సందడి.

బ్రేక్‌ఫాస్ట్ అంటే మనం అనుకునేది కాదు. కార్నెత్తో అనే తియ్యటి రొట్టె, కరకరలాడే బిస్కెట్ లాంటి రస్కులు, జామ్, పెరుగు, మిషన్ కాఫీ. గుడ్డు కూడా లేదు. రెండు రోజులకే మా ఆయన కింద బార్‌లో కాఫీకి మారిపోయారు. అక్కడ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒకటిన్నర యూరో లోపే, కూర్చుంటే ధర పెరుగుతుంది. ఊరి పెద్ద చౌకు పియాజా మజ్జోరె ఎదురుగా కూర్చుంటే మరీ పెరుగుతుంది.

హోటల్ నుంచి ఆ చౌకుకి అయిదారు నిమిషాల నడక. టూ స్టార్ గదికి ఇచ్చిన డబ్బులు నాకు గిట్టుబాటైంది ఇక్కడే. కాళ్లు నొప్పులంటే మధ్యాహ్నం వచ్చి గంటసేపు పడుకుని మళ్లీ వెళ్లేదాన్ని. ఫియేరా వైపు ఉండి ఉంటే ఈ సుఖం ఉండేది కాదు. సాన్ పెట్రోనియో చర్చి ముఖం కింద సగం పాలరాయి, పై సగం ఉత్త ఇటుక. 1390లో మొదలుపెట్టిన కట్టడం ముఖభాగం ఇప్పటికీ పూర్తికాలేదు. లోపల నేల మీద 1655లో కస్సీనీ అనే ఖగోళవేత్త గీయించిన 67 మీటర్ల పొడవైన గీత ఉంది. పైకప్పులోని చిన్న రంధ్రంలోంచి పడే ఎండ చుక్క సూర్యుడు నడినెత్తికొచ్చే వేళ ఆ గీతను దాటుతుంది. సమయం చూసుకుని వెళ్లాలి. అక్కడికి దగ్గర్లోనే ఆర్కిజిన్నాసియో. యూనివర్సిటీ పాత భవనం. అందులో చెక్కతో కట్టిన అనాటమీ హాలు, మధ్యలో శవాన్ని కోసే పాలరాతి బల్ల. 1944 బాంబుదాడిలో కూలిపోతే, దొరికిన పాత ముక్కలతోనే మళ్లీ నిలబెట్టారు. టికెట్ చాలా తక్కువ, తప్పకుండా చూడండి. రెండు గోపురాల్లాంటి టవర్లు మాత్రం దూరం నుంచే. వంగిపోయిన గరిసెండా టవర్ పరిస్థితి బాలేదని 2023లో చుట్టూ కంచె కట్టారు, పక్కనున్న 97 మీటర్ల అసినెల్లీ ఎక్కడం కూడా ఆపేశారు. ఆ మెట్లెక్కడం కోసమే వెళ్లేవాళ్లు ముందుగా కనుక్కోండి.

తిండి విషయంలో శాకాహారులు జాగ్రత్తగా ఉండాలి. నేను మాంసం తినను. బొలోన్యా వంటకి మాంసమే పునాది. తొర్తెల్లీని అంటే లోపల మాంసం కూరినది. తొర్తెల్లోని అంటే కాస్త పెద్దవి, లోపల రికోత్తా జున్ను. పేర్లలో తేడా ఒక్క అక్షరమే, ప్లేటులో మాత్రం చాలా. వెన్న, సేజ్ ఆకుతో వేయించిన తొర్తెల్లోని నాకు బాగా నచ్చింది. పూరీలా పొంగే క్రెషెంతీనె చూసి నోరూరింది, కానీ వాటిలో పంది కొవ్వు వాడతారు. మెనూలో స్త్రుత్తో అన్న మాట కనిపిస్తే అదే. పర్మేజాన్ చీజ్‌లోనూ పాలు విరగడానికి వేసే, దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్ ఉంటుంది. ఖచ్చితంగా పాటించేవాళ్లకి అది కూడా పనికిరాదు. కోపెర్తో పేరిట మనిషికి రెండు మూడు యూరోలు బిల్లులో కలుస్తాయి, అది మోసం కాదు, అక్కడి పద్ధతి. బొలోనీనా వైపు బంగ్లాదేశీ కొట్లలో బియ్యం, పచ్చిమిర్చి, కొత్తిమీర దొరుకుతాయి. మూడో రోజుకి అమ్మాయి గదికెళ్లి పప్పుచారు పెట్టుకున్నాం. దాని రూమ్మేట్లు కూడా తిన్నారు.

పైన చర్చి ఉన్న సాన్ లూకా కొండకి మా ఆయన నడిచి వెళ్లారు. 666 కమానుల పోర్టికో, దాదాపు 3.8 కిలోమీటర్లు, మొదలు పెట్టింది 1674లో. అలిపిరి మెట్ల దారి లాగే పొడవునా కప్పు ఉంది, యాత్రికుల కోసమే కట్టారు. మెలొంచెల్లో కమాను దాకా చదును, ఆ తర్వాత ఎక్కుడే. నేను చౌకు దగ్గర టూరిస్టుల బొమ్మ రైలెక్కి పైకి చేరాను. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అదే దారి, దాని టికెట్ దండగ కాదు.

బొలోన్యాని అడ్డాగా పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లు చూడటం చాలా తేలిక. స్పీడు రైల్లో ఫ్లోరెన్స్ నలభై నిమిషాల లోపే. రీజనల్ రైల్లో రావెన్నా గంటా పావు. అక్కడి అయిదో, ఆరో శతాబ్దాల నాటి రంగురాళ్ల మొజాయిక్‌లు చూశాక ఫ్లోరెన్స్ రద్దీ మీద మనసు పోలేదు. రీజనల్ రైలు కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు మిషన్‌లో స్టాంపు వేయించాలి, లేదంటే జరిమానా. స్పీడు రైళ్లు నేల కింద ప్లాట్‌ఫాంల నుంచి కదులుతాయి. దిగడానికే చాలా సేపు పడుతుంది, పావుగంట ముందు చేరండి. స్టేషన్‌లో 10:25 దగ్గర ఆగిపోయిన గడియారం ఉంది. 1980 ఆగస్టు 2న వెయిటింగ్ హాల్లో బాంబు పేలి 85 మంది చనిపోయిన వేళ అది. ఆ గోడ పగులు అలాగే ఉంచారు.

ఖాళీ చేసే రోజు సిటీ టాక్స్ విడిగా కట్టాలి. రాత్రికి మనిషికి కొన్ని యూరోలు, మా హోటల్‌లో నగదే అడిగారు. సాయంత్రం దాకా పెట్టెలు ఉచితంగా ఉంచుకున్నారు. నా లెక్కలో, నడవగలిగేవాళ్లకి, గదిలో పడుకోవడమే తప్ప కాలక్షేపం చేయనివాళ్లకి ఈ హోటల్ బాగుంటుంది. చిన్న పిల్లలతో వెళ్లేవాళ్లకి, వీల్‌చైర్ అవసరమైనవాళ్లకి ఆ లిఫ్ట్‌తో కష్టం. అలాంటివాళ్లు ఫియేరా వైపు పెద్ద హోటలే తీసుకోవాలి.

వచ్చే జూలైలో అమ్మాయి డిగ్రీ ఫంక్షన్ ఉంటుందట. అప్పుడు బొలోన్యా బెజవాడలాగే ఉక్క పోస్తుంది. ఈ హోటల్‌లో ఏసీ కొన్ని గదులకే ఉందని పెద్దాయన చెప్పాడు. మా ఆయన ఆ గదుల నంబర్లు రాసుకుని మరీ బయటికొచ్చారు.