స్కాన్ చేసినవాళ్లకు ఒక దండం, పేరు రాసినవాళ్లకు రెండు

మాది చెన్నైలో మైలాపూరు. మా ఇంటి నుంచి నాగేశ్వరరావు పార్కు నడిచి వెళ్లేంత దూరం. పొద్దున నడకకు వచ్చేవాళ్లలో చాలామందికి ఆ నాగేశ్వరరావు ఎవరో తెలియదు. అమృతాంజనం పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆయనే. 1908లో బొంబాయిలో 'ఆంధ్రపత్రిక'ను వారపత్రికగా మొదలుపెట్టి, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా తెచ్చారు. 1924లో ఇక్కడే 'భారతి' మాసపత్రిక ప్రారంభించారు. 2009లో నా ఎంఫిల్ కోసం పాత 'భారతి' సంచికలు కావలసి వచ్చాయి. అవి అచ్చయిన ఊళ్లోనే ఉండి కూడా నెలల తరబడి తిరిగాను. ఒకచోట బీరువా తాళం కనబడలేదన్నారు, ఇంకోచోట కాగితం పొడిపొడిగా రాలుతోంది, ముట్టుకోవద్దన్నారు.

అప్పుడు మా గైడ్ మేడమ్ "డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఒకసారి చూడమ్మా" అన్నారు. బెంగళూరులోని ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ) కేంద్రంగా నడిచిన పని అది. పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసి అందరికీ ఉచితంగా ఇవ్వాలన్న ఆలోచనకు పెద్ద దిక్కు రాజ్ రెడ్డిగారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, మా గిండీ ఇంజనీరింగ్ కాలేజీలోనే చదివి, 1994లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్న మనిషి. ఆ సైటులో పుస్తకం పేజీ పేజీగా తెరుచుకునేది, అందుకోసం బ్రౌజర్‌లో వేరే ప్లగిన్ వేసుకోవాలి. అయినా మొదటి రాత్రి ఎనభై ఏళ్ల నాటి 'భారతి' పేజీ తెర మీదకు వచ్చినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. నాన్నగారు కుర్చీ వెనక వచ్చి నిలబడ్డారు. నేను వ్యాసం కోసం పేజీలు తిప్పుతుంటే, "అమ్మాయ్, కాస్త ఆగు, ఆ ప్రకటన చదవనీ" అన్నారు. ఆ రాత్రి పదకొండింటి దాకా ఇద్దరం ప్రకటనలే చదివాం.

ఇది జరిగి పదహారేళ్లయింది. ఎంఫిల్ అయిపోయింది. ఇప్పుడు అనువాదాలు, ప్రూఫులు నా వృత్తి. ఈ ఆన్‌లైన్ గ్రంథాలయాలు తెరవని రోజు నాకు ఉండదు. ఇన్నేళ్ల వాడకంలో ఏది బాగుందో, ఎక్కడ ప్రాణం విసిగిపోతుందో కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

బెంగళూరు సైటు తర్వాత మూతపడింది. అయితే కార్ల్ మలముద్‌గారి 'పబ్లిక్ రిసోర్స్' సంస్థ అప్పటికే అందులోని నాలుగు లక్షలకు పైగా పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలోకి ఎక్కించింది. ఆ పని జరగకపోతే మన పాత తెలుగు పుస్తకాలు ఎన్ని మళ్లీ చీకట్లోకి పోయేవో తలచుకుంటేనే భయమేస్తుంది. ఆర్కైవ్‌లో ఏ పుస్తకం చిరునామాలోనైనా 'in.ernet.dli.2015' అని కనబడితే అది ఆ ఇంటి నుంచి వచ్చిందే.

ఇక్కడే కొత్తవాళ్లు మొదట దెబ్బతింటారు. తెలుగులో పేరు కొట్టి, ఏమీ రాలేదని వెళ్లిపోతారు. పుస్తకం ఉంటుంది, కానీ దాని పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక ప్రత్యేక పద్ధతిలో ఎక్కి ఉంటుంది. దీర్ఘమైతే అచ్చు రెండుసార్లు, సున్నా అయితే 'ఎన్' పక్కన పైన చిన్న గీత. 'ఆంధ్ర' అన్న మాటనే నేను కనీసం నాలుగు రకాల స్పెల్లింగుల్లో చూశాను. అందుకని నేను పుస్తకం పేరంతా కొట్టను. పేరులో దీర్ఘం, సున్నా, ఒత్తు లేని ముక్క ఏదైనా ఉంటే అది మాత్రం కొట్టి, భాష తెలుగు అని పెట్టి, వచ్చినవన్నీ కళ్లతో జల్లెడ పడతాను. విసుగు పుట్టే మాట నిజమే. కానీ ఇలా వెతుకుతుండగా అడగని పుస్తకాలు ఎన్నో దొరికాయి.

స్పెల్లింగు తేడాను ఎలాగో దాటొచ్చు. వివరాలే తప్పయితే మాత్రం దారి లేదు. ఒక సైటులో ఆరు నెలలు వెతికిన పుస్తకం చివరికి రచయిత స్థానంలో ముద్రణాలయం పేరుతో, సంవత్సరం స్థానంలో నాలుగు సున్నాలతో దొరికింది. ఇంకొక చోట ఒక గృహవైద్యం పుస్తకానికి 1867 అని రాసి ఉంది. అంత పాతదా అని ఉలిక్కిపడి ముఖపత్రం తెరిచాను. అక్కడ అంకెల్లో సంవత్సరమే లేదు, 'ప్రభవ' అని మాత్రం ఉంది. అరవై ఏళ్లకొకసారి తిరిగొచ్చే పేరు అది. 1867లో వచ్చింది, 1927లో వచ్చింది, 1987లోనూ వచ్చింది. ఎక్కించినవాళ్లు లెక్క కట్టి మొదటిది వేసేశారు. పీఠికలో రచయిత తన వ్యాసాలు లోగడ 'భారతి'లో వచ్చాయని రాసుకున్నాడు. 'భారతి' పుట్టిందే 1924లో కాబట్టి ఈ ప్రభవ 1867 కానే కాదు. రెండు పేజీలు చదివితే తేలే సంగతి ఇది. చదివేవాళ్లు లేకుండా స్కానింగ్ జరిగితే పుస్తకం కనీసం అరవై ఏళ్లు తప్పిపోతుంది. దాన్ని నమ్మి ఎవరో థీసిస్ రాస్తారు, ఆ థీసిస్‌ను నమ్మి ఇంకొకరు రాస్తారు.

స్కానుల నాణ్యత విషయం రెండు మాటల్లో చెప్పి ముగిస్తాను. ఆ రోజుల్లో నలుపు తెలుపుల్లోనే తీశారు. అక్షరాలు స్పష్టంగా ఉంటాయి కానీ ఫొటోలు మసిగుడ్డల్లా వస్తాయి. బైండు గట్టిగా ఉన్న పుస్తకాల్లో లోపలి అంచు అక్షరాలు కుట్టులోకి పోతాయి. 112 తర్వాత 114 రావడం, ఒకే పేజీ రెండుసార్లు రావడం మామూలే. దించుకోగానే మొదట పేజీ నంబర్లు సరిచూసుకోండి. నేనోసారి ఆ పని చేయక, గడువుకు రెండు రోజుల ముందు కావలసిన పేజీ లేదని తెలిసి పడ్డ టెన్షన్ ఇప్పటికీ మరచిపోలేదు.

దినపత్రికల విషయంలో ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ వాళ్లు పెట్టిన పాత పత్రికల భాండాగారం నాకు చేసిన మేలు అంతా ఇంతా కాదు. పాత మాటలకు అర్థం తెలియకపోతే ఆంధ్రభారతి నిఘంటువు ఉంది. ఒక్క మాట కొడితే శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు, బ్రౌన్ అన్నీ ఒకేసారి తెర మీదకు వస్తాయి. ఈ ఒక్కటి లేకపోతే నా వృత్తే లేదు.

నా మనసు మాత్రం పాత పుస్తకాలను అందరూ కలిసి అక్షరాల్లోకి మార్చే తెలుగు వికీసోర్స్ దగ్గరే ఉంటుంది. అక్కడ కుడివైపు పాత పేజీ బొమ్మ, ఎడమవైపు యంత్రం చదివి ఇచ్చిన అక్షరాలు ఉంటాయి. రెంటినీ పక్కపక్కన పెట్టుకుని మనం దిద్దాలి. దిద్దని పేజీ ఎర్రగా, ఒకరు దిద్దింది పసుపుగా, రెండో మనిషి కూడా చూసి సరే అన్నది ఆకుపచ్చగా కనబడతాయి. ఈ యంత్రం నేటి అచ్చును బాగానే చదువుతుంది, పాత అచ్చు దగ్గర తడబడుతుంది. పాతవాళ్లు 'ధర్మము' అని అచ్చువేసేటప్పుడు రేఫను ముందు పెట్టరు, 'మ' పక్కన వలపలగిలక వేస్తారు. చూడటానికి అది మన తెలుగు తొమ్మిది అంకెలా ఉంటుంది. యంత్రం పాపం దాన్ని తొమ్మిదనే చదివి 'ధమ౯ము' అని ఇస్తుంది. 'కర్మ' 'కమ౯' అవుతుంది, 'సర్వము' 'సవ౯ము' అవుతుంది. అరసున్నలు ఎగిరిపోతాయి, బండి ఱ మామూలు ర అయిపోతుంది. మొదట్లో నాకు పేజీకి నలభై నిమిషాలు పట్టేది, ఇప్పుడు పన్నెండు. రాత్రి భోజనాలయ్యాక రోజుకు రెండు పేజీలు దిద్దుతాను. అలా దిద్దిన మాట తర్వాత గూగుల్‌లో వెతికితే దొరకొచ్చు. బొమ్మగా ఉన్నంతకాలం ఆ పుస్తకం మూసిన పెట్టెలో ఉన్నట్టే.

వికీసోర్స్‌లో ఏది పెట్టవచ్చన్నది కూడా తెలుసుకోవాలి. మన చట్టం ప్రకారం రచయిత పోయిన సంవత్సరం దాటాక అరవై ఏళ్ల దాకా హక్కులు ఉంటాయి. ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1958లో పోయారు కాబట్టి 2019 జనవరి నుంచి ఆయన రచనలు అందరివీ. చలంగారు 1979లో పోయారు, ఆయనవి 2040 దాకా ఆగాలి. ఆన్‌లైన్‌లో దొరికిందల్లా హక్కులు తీరిపోయినదే అనుకోకండి. రచయితల కుటుంబాలకు న్యాయం జరగాలని కోరుకునేదాన్ని కాబట్టి ఈ లెక్క తప్పకుండా చూస్తాను.

2024 అక్టోబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్ మీద సైబర్ దాడి జరిగి సైటు కొన్ని రోజులు ఆగిపోయింది. ఆ వారం నాకు ఊరంతా దీపాలు ఆరిపోయినట్టే అనిపించింది. అప్పటినుంచి నేను ఆధారపడే ప్రతి పుస్తకాన్నీ దించుకుని, దొరికిన చోటు, తేదీ రాసి, రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టుకుంటున్నాను.

మా ఊళ్లో రోజా ముత్తయ్య పరిశోధన గ్రంథాలయం ఉంది. కోట్టైయూరులో ఒక్క మనిషి జీవితమంతా కూడబెట్టిన తమిళ పుస్తకాలతో 1994లో మొదలైంది. అక్కడ పుస్తకాల వివరాలు పెట్టుకున్న తీరు చూసినప్పుడల్లా, వావిళ్లవారు, ఆంధ్రపత్రిక, చందమామ అచ్చయిన ఈ నగరంలో తెలుగుకు అలాంటి ఇల్లు ఒకటి ఉండాలని గట్టిగా అనిపిస్తుంది. టి.నగర్, కోడంబాకం ఇళ్లలో, అటకల మీద ఎన్ని తెలుగు పుస్తకాలున్నాయో!

మా ఇంటితోనే మొదలుపెట్టాను. తాతగారి ట్రంకుపెట్టెలో హక్కులు తీరినవి పదకొండు తేలాయి. ఫోన్ స్టాండు, రెండు దీపాలు, ఒక గాజుపలక పెట్టుకుని నెలరోజుల్లో తీశాను. ఒక్కొక్క పుస్తకానికి వివరాలు నాన్నగారే చెప్పారు, పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ, రచయిత, ముద్రణాలయం, ఊరు, వెల, తెలుగు సంవత్సరం పక్కన ఇంగ్లీషు సంవత్సరం. స్కానింగ్ కంటే ఈ రాతకే ఎక్కువ పొద్దు పట్టింది. పది ఎక్కించాం. పదకొండోదానికి అట్ట లేదు, ముఖపత్రం లేదు, మొదటి ఎనిమిది పేజీలు లేవు. పేరు తెలియకుండా ఎక్కించవద్దని నాన్నగారు పట్టుపట్టారు. రోజూ సాయంత్రం అందులోంచి ఒక్కొక్క పద్యం పాదం చదువుతారు, నేను దాన్ని వికీసోర్స్‌లో వెతుకుతాను. ఇప్పటికి ముప్పై నాలుగు పాదాలు వెతికాం.