పీపా ఏలా, కెగ్ బీరా?

బ్రిటన్ పబ్బులో కౌంటరు మీద పొడవాటి చేతిపంపు పిడి కనిపిస్తే అక్కడ రియల్ ఏల్ అనే సంప్రదాయ బీరు దొరుకుతుందని ఆశ పెట్టుకోవచ్చు. పీపాలో ఉండగానే ఈస్ట్ వల్ల అది మరోసారి పులుస్తుంది. పోసేటప్పుడు గ్యాసు ఒత్తిడి ఉండదు. నేలమాళిగలో 11-13 డిగ్రీల దగ్గర ఉంచుతారు కనుక ‘వెచ్చని బీరు’ అన్న నింద అన్యాయం. ఆ పాటి చల్లదనంలోనే మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), హాప్స్ (బీరుకు చేదునిచ్చే పూలు) రుచులు విడివిడిగా తెలుస్తాయి. చిక్కల్లా, పీపా తెరిచాక దాదాపు మూడు రోజుల్లో అమ్ముడుపోవాలి. లేదంటే పులుపెక్కుతుంది.

కెగ్ అంటే గట్టిగా మూసిన లోహపు పీపా. అందులోని బీరుకు ఆ బెంగ లేదు. గ్యాసుతో పోస్తారు, బాగా చల్లగా ఉంటుంది, వారాలు నిలుస్తుంది. ఎక్కడ తాగినా అదే రుచి. 1971లో రియల్ ఏల్‌ను కాపాడుకోవాలని కామ్రా ఉద్యమం పుట్టింది ఆ విసుగుతోనే.

నా ఓటు పీపాకే, అదీ జనం కిటకిటలాడే పబ్బులో. ఈగలు తోలుకునే చోట మాత్రం కెగ్ అడుగుతాను.