వేలి జప కౌంటర్: కిరాణా కొట్లో కూర్చుని వాడి చూశాక

పూజాసామగ్రి కొట్లలోనూ ఆన్‌లైన్‌లోనూ దొరికే ఆ చిన్న వేలి కౌంటర్ గురించి సరిగ్గా రాసినవాళ్ళు కనబడలేదు. అందరూ "ప్రొడక్ట్ బాగుంది, డెలివరీ త్వరగా వచ్చింది" అని అయిదు స్టార్లు పెట్టి పోతున్నారు. వచ్చిన రోజే రాస్తే ఏం తెలుస్తుంది? నేను చలికాలంలో కొన్నాను, ఇప్పుడు మా కొట్లో ఆవకాయకి ఆవాలు, కారం అమ్ముడవుతున్నాయి, అంతకాలం వాడి చెబుతున్నాను. కొనొచ్చు. కానీ అట్ట మీద చెప్పినట్టే వాడితే కొన్నాళ్ళకి జపం పోయి నొక్కుడు మిగులుతుంది.

వస్తువు ఇదీ: వేలికి తొడుక్కునే రబ్బరు పట్టీ, దాని మీద చిన్న ప్లాస్టిక్ డబ్బీ, డబ్బీకి అయిదంకెల తెర. పెద్ద బటన్ నొక్కితే ఒకటి పెరుగుతుంది, పక్కనున్న చిన్న బటన్ నొక్కితే సున్నా అయిపోతుంది. ధర వంద లోపే. కంపెనీ పేరంటూ ఏమీ లేదు. మాది ఒడిశా అంచున ఉన్న ఊరు, నేను ఆంధ్రా సరిహద్దు దాటి పాతపట్నం వెళ్ళినప్పుడు, నీలమణి దుర్గమ్మ దర్శనం చేసుకుని వస్తూ ఒక కొట్లో కొన్నాను. అట్ట మీద ఓంకారం బొమ్మ ఉంది గానీ ఇదే ముక్కని తస్బీ (ముస్లింల జపమాల) కౌంటర్ అని కూడా అమ్ముతారు, స్వెట్టర్లు అల్లేవాళ్ళు వరసలు లెక్కపెట్టుకోడానికి కూడా వాడతారు. వస్తువుకి మతం లేదు, సెల్లు ఉంది, అంతే.

నాకిది ఎందుకు కావాల్సి వచ్చిందో చెబితే గానీ ఎవరికి పనికొస్తుందో తెలీదు. మాది పర్లాకిమిడి. 1936లో ఒరిస్సా రాష్ట్రంగా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, అయినా కొట్లో తెలుగు ఆగలేదు. ఒక్క గంటలో ఒడియా, తెలుగు మాత్రమే కాదు, కొండల మీంచి సంతకి దిగేవాళ్ళు వస్తే వాళ్ళ సవర భాష మాటలు కూడా వినిపిస్తాయి (గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకున్నది ఈ ఊళ్ళోనే కదా, ఆయనకి వచ్చినంత నాకు రాదు, ఉప్పు, బెల్లం దాకా నెగ్గుకొస్తాను). ఇలాంటి చోట గల్లాపెట్టె ముందు కూర్చుని భగవంతుడి మీద మనసు నిలపాలంటే మాటలు కాదు. "శ్రీరామ జయరామ జయజయ రామ" అనుకుంటూ ఉంటానా, సగంలో "భాయినా, లుణ అఛి?" అని ఒకాయన వస్తాడు. ఉప్పు ఇచ్చి చిల్లర ఇచ్చి చూసుకునేసరికి ఎక్కడ ఆపానో గుర్తుండదు.

మాల లేదా అంటారేమో, ఉంది. తులసిమాల, నూట ఎనిమిది పూసలు, మాల రెండు కొసలూ కలిసేచోట మేరువు పూస. పొద్దున్నే ఇంట్లో దాంతోనే. కానీ కొట్లో మాల కుదరదు, నా అనుభవంలో అస్సలు కుదరదు. చేతికి కారం, ఇంగువ, నూనె, నోట్ల మురికి. కస్టమర్ వచ్చినప్పుడల్లా మాలని ఎక్కడ పెట్టాలో తెలియదు, గల్లాపెట్టె మీద పెడితే చిల్లర తగులుతుంది, మెడలో వేసుకుంటే పూస జారిపోతుంది. మాల కనబడకుండా తిప్పుకునే గోముఖి సంచీలో చెయ్యి పెట్టుకుని కూర్చుంటే రెండో చేత్తో అయిదు కేజీల బియ్యం తూచలేం. ఇక వేళ్ళ కణుపుల మీద లెక్క ఒకటుంది, పెద్దవాళ్ళు గాయత్రికి చేసేది: ఉంగరపు వేలి నడిమి కణుపు దగ్గర మొదలుపెట్టి కిందికి దిగి, చిటికెన వేలి మీదుగా పైకెక్కి, చివర్ల మీదుగా చూపుడు వేలి అడుగుకి వస్తే పది, మధ్య వేలి కింది రెండు కణుపులూ మేరువన్నమాట. దానికి పైసా ఖర్చు లేదు, అసలు ఈ కౌంటర్‌కి నిజమైన పోటీ అదే. గొడవల్లా ఏంటంటే, బొటనవేలు కణుపు మీంచి తీసి తూకం రాయి పట్టుకున్నామా, లెక్క అక్కడితో సరి.

కౌంటర్ గెలిచేది సరిగ్గా ఇక్కడే. మధ్యలో వదిలేసినా అంకె అక్కడే కూర్చుని ఉంటుంది. ఉప్పు ఇవ్వండి, పప్పు ఇవ్వండి, అప్పు పద్దు రాయండి, ఫోన్‌లో హోల్‌సేల్ వాడితో గొడవ పడండి, తిరిగొచ్చి చూస్తే 61, మీది అరవై రెండోది. మళ్ళీ మొదటికి రావాలన్న టెన్షన్ లేదు. ఆ టెన్షన్ వల్లే నేను చాలాసార్లు "ఇవాళ్టికి ఇంతేలే" అని వదిలేసేవాడిని, అది తగ్గింది. వేలికి ఉంటే ఎవరూ పెద్దగా పట్టించుకోరు కూడా. గుణుపురం ప్యాసింజర్‌లో కిటికీ పక్కన కూర్చుని ఒక మాల చేసుకోవచ్చు. ఈ మంత్రం పదమూడు అక్షరాలు, నెమ్మదిగా అనుకుంటే నూట ఎనిమిదికి ఆరేడు నిమిషాలు పడుతుంది, కాబట్టి బేరాలు లేని మధ్యాహ్నం రెండు మాలలు హాయిగా అవుతాయి.

ఇప్పుడు తిట్లు.

సున్నా చేసే బటన్ పెద్ద బటన్‌కి మరీ దగ్గర. ఎవరు డిజైన్ చేశారో గానీ బొటనవేలు లావుగా ఉన్న మనిషిని చూసి ఉండరు. తొంభై దాటాక వేలు జారి 00000 కనబడితే నోట్లోంచి వచ్చే మాట రామనామం కాదు. రెండోది, నొక్కినప్పుడల్లా టిక్కుమంటుంది. కొట్లో ఫ్యాన్ చప్పుడులో తెలీదు, శ్రీముఖలింగం వెళ్ళినప్పుడు గుడి లోపల ఆ నిశ్శబ్దంలో నాలుగు టిక్కులు పడేసరికి ముందున్న పెద్దావిడ వెనక్కి తిరిగి చూసింది, తీసి జేబులో పెట్టేసుకున్నాను. మూడోది, బరువులెత్తేటప్పుడు తనంతట తనే నొక్కుకుంటుంది. కందిపప్పు బస్తా ఎత్తి దింపితే ఒక పదో పన్నెండో నామాలు ఊరికే జమ. మా అబ్బాయికి ఇది భలే నవ్వు, "నాన్నా, పంచదార బస్తాలు కూడా ఎత్తు, ఈ నెల కోటి అయిపోతుంది" అంటాడు.

ఇవన్నీ చిన్నవి. అసలు చిక్కు వేరే. కొన్ని వారాలు వాడాక ఒకరోజు పొద్దున్న ఉల్లిపాయల రేటు దగ్గర ఒకాయనతో పెద్ద వాదన పడింది. ఆయన వెళ్ళాక వేలు చూసుకుంటే నలభై చిల్లర పెరిగింది. అంటే నేను ఉల్లిపాయల గురించి అరుస్తున్నంతసేపూ బొటనవేలు తన పని తాను చేసుకుపోతోంది! నామం ఎక్కడా లేదు, నొక్కుడు మాత్రం ఉంది. మాలతో ఇలా జరగదా అంటే జరుగుతుంది, పూసలూ మనసు లేకుండా తిరుగుతాయి. కానీ మాలకి మేరువుంది. దాన్ని దాటకూడదు, అక్కడ మాలని వెనక్కి తిప్పుకోవాలి, ఆ తిప్పడంలో "ఎక్కడున్నావురా" అని ఒక క్షణం తెలుస్తుంది. కౌంటర్‌కి మేరువు లేదు. 108 తర్వాత 109, దాని తర్వాత 110, అలా 99999 దాకా ఎక్కడా ఆపే దిక్కు లేదు.

పైగా అంకె కనబడుతూ ఉంటుంది. మాలలో ఎన్నో పూస దగ్గర ఉన్నామో కళ్ళకి తెలియదు, తెలియక్కర్లేదు. ఇక్కడ ప్రతి నామానికీ కన్ను తెర మీదికి పోతుంది, నిన్నటి కన్నా ఎక్కువైందా తక్కువైందా అని. కొట్టు లెక్క చాలదన్నట్టు ఇంకో లెక్క. మా అమ్మ అయితే ఒక్క ముక్కలో తేల్చేసింది: "దేవుడికి కూడా జీఎస్టీ వాళ్ళకి చూపించినట్టు లెక్క చూపిస్తావేంట్రా?"

అలా అంటుంది గానీ ఆవిడా లెక్కలోనే ఉంది, రామకోటి రాస్తుంది. గళ్ళ పుస్తకం, ఎర్ర సిరా పెన్ను, సాయంత్రం అరుగు మీద. కోటి అంటే తెలుసు కదా, రోజుకి వెయ్యి రాసినా పదివేల రోజులు, ఇరవై ఏడేళ్ళు పైమాటే. ఆవిడ పుస్తకం ఒకసారి తిరగేస్తుంటే వరసగా శ్రీరామ శ్రీరామ శ్రీరామ అని పోతూ పోతూ ఒక గడిలో "పాలు అర లీటరు" అని ఉంది, అదే ఎర్ర సిరాతో, అదే ముచ్చటైన దస్తూరీతో, మళ్ళీ పక్క గడి నుంచి శ్రీరామ. పాలవాడు వచ్చి పిలిచినప్పుడు రాసేసిందన్నమాట. నవ్వాను గానీ ఆలోచిస్తే రామకోటి గొప్పతనం అదే అనిపించింది. మనసు పక్కకి పోతే పుస్తకంలో పట్టుబడిపోతుంది. కౌంటర్‌లో పట్టుబడదు, అక్కడ ఉల్లిపాయలకీ రాముడికీ ఒకే అంకె.

ఫోన్‌లో జపం యాప్‌ల సంగతి అడక్కండి. కౌంటర్ బానే ఉంటుంది, దాని పైనే వాట్సాప్ దిగుతుంది. సరిహద్దు ఊరు కదా, మా ఫోన్లు ఒక్కోసారి ఈ రాష్ట్రం టవర్, ఒక్కోసారి ఆ రాష్ట్రం టవర్ పట్టుకుంటాయి, దానికో మెసేజ్. ప్లగ్గులో పెడితే తనే జపించే మంత్రం పెట్టె కూడా మా కొట్లో ఉండేది. అది జపం చేస్తుంది, మనం పప్పు అమ్ముకుంటాం, ఎవరి పని వాళ్ళది.

మరి కొనొచ్చని ఎందుకన్నానంటే, వాడే పద్ధతి మార్చాక నాకిది పనికొచ్చింది. ఇప్పుడు నామానికొకసారి నొక్కడం మానేశాను. మనసు పక్కకి పోయి, పోయిందని తెలిసి, మళ్ళీ నామానికి వచ్చినప్పుడు ఒకసారి నొక్కుతాను. గీత ఆరో అధ్యాయం ఇరవై ఆరో శ్లోకంలో ఉన్నదీ ఇంచుమించు ఇదే పని: ఈ చంచలమైన మనసు ఎటెటు పోతే అటు నుంచి వెనక్కి తెచ్చి నిలపమంటారు. పోనివ్వకు అని కాదు, పోతే తెచ్చుకో అని. తర్వాత కొద్ది శ్లోకాలకే అర్జునుడంతటివాడు ఇది గాలిని పట్టుకోవడమంత కష్టం అని చేతులెత్తేస్తాడు, కిరాణా కొట్టువాడి సంగతి చెప్పాలా.

ఇలా వాడితే బొటనవేలు తనంతట తను నొక్కదు, ఎందుకంటే నొక్కాలంటే ముందు తెలివిలోకి రావాలి. బస్తా ఎత్తేముందు తీసి పక్కన పెట్టడం కూడా గుర్తొస్తోంది. సాయంత్రం అంకె చూస్తే సంత రోజున భారీగా ఉంటుంది, బంద్ రోజున చిన్నగా ఉంటుంది. సంత రోజున పెద్ద అంకె చూసి "ఇన్నిసార్లు వెనక్కొచ్చాను" అని లోపల కాస్త గర్వం పుడుతుందనుకోండి, అదో కొత్త జబ్బు. దానికి ఈ కౌంటర్‌లో బటన్ లేదు.

ఒకే ఒక్క సందర్భంలో మాత్రం దీన్ని ఇంట్లో పెట్టి వెళ్ళండి. మా వైపు ఒడియా ఊళ్ళలో అష్టప్రహరి అని చేస్తారు, ఇరవై నాలుగ్గంటలు ఆగకుండా హరినామం, ఖోల్ అనే మద్దెల, కర్తాళాలతో, ఒక జట్టు అలిసిపోతే ఇంకో జట్టు అందుకుంటుంది. అక్కడ ఎన్నిసార్లన్న ప్రశ్నే లేదు. నేను వేలికి ఇది పెట్టుకుని వెళ్ళి పది నిమిషాల్లో తీసేశాను, తాళం ఒకటి, టిక్కు ఒకటి అయిపోతున్నాయి.

ఎవరు కొనాలి: కొట్టువాళ్ళు, వంటింట్లో రోజంతా పిలుపుల మధ్య ఉండేవాళ్ళు, డ్యూటీలో బస్సు ఎక్కి దిగేవాళ్ళు. తలుపేసుకుని కూర్చునే అరగంట మీకు దొరుకుతుంటే వంద రూపాయలు దండగ, మాల పట్టుకోండి. నూట ఎనిమిది చొప్పున లెక్క తప్పదు, మొక్కు ఉంది అనేవాళ్ళు కూడా మాల తిప్పి, ఒక మాల పూర్తయ్యాక ఒకసారి నొక్కుకుంటే రెండూ కలిసొస్తాయి. మా వదిన అలాగే చేస్తుంది, ఆవిడకి ఏ ఫిర్యాదూ లేదు.

కొనేటప్పుడు కొట్లోనే నొక్కి చూడండి. చప్పుడు తక్కువున్నది, సున్నా బటన్ లోపలికి గుంటగా ఉన్నది తీసుకోండి. లైటు వెలిగే రకం వద్దు, తెల్లవారుజామున చీకట్లో మొహం మీద వెలుగుతుంది. సెల్లు అయిపోతే అంకె కూడా పోతుంది, వాచీలు బాగుచేసేవాళ్ళ దగ్గర సెల్లు దొరుకుతుంది గానీ వేయించుకునే ఖర్చు చూస్తే ఇంకో కౌంటరే కొనుక్కోవాలనిపిస్తుంది. రంగు విషయంలో నా మాట వినండి, నల్లది వద్దు, ఎరుపో పసుపో తీసుకోండి. నాది ఒకసారి మినుముల డబ్బాలో పడింది.