కందెనవోలు పాతబస్తీలో రెండు రోజులు

అనంతపురం నుంచి హైదరాబాదు వెళ్లే దారిలో కర్నూలు (పాత పేరు కందెనవోలు) మాకు ఇన్నేళ్లూ బస్సు దిగి టీ తాగే ఊరు మాత్రమే. మంత్రాలయానికో శ్రీశైలానికో పోయేవారు సైతం ఇక్కడ బస్సు మారుతారే గాని ఊళ్లోకి అడుగుపెట్టరు. మా తాతగారు 1953లో మద్రాసు నుంచి ఆంధ్ర రాష్ట్ర గుమాస్తాగా ఈ ఊరికి వచ్చి కొన్నాళ్లు డేరాలో కాపురం చేశారని అమ్మ తరచూ చెబుతూ ఉంటుంది. ఆ చోటు చూపించమని అడగడంతో నవంబరు చివరలో ఆమెను వెంటబెట్టుకుని బయలుదేరాను.

బస విషయంలో మొదటి రోజు పొరపాటు చేశాను. బస్టాండుకు దగ్గర కదా అని ఫోనులోనే ఒక లాడ్జిలో గది తీసుకున్నాను. ఇరవై నాలుగు గంటలూ వేడినీళ్లన్నారు. తెల్లవారి అడిగితే కుర్రవాడు అర బకెట్టు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లిపోయాడు. రాత్రంతా హారన్ల మోత. మరునాడు పాతబస్తీలో, కొండారెడ్డి బురుజుకు నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్న చిన్న లాడ్జికి మారాము. గది ఇరుకే, లిఫ్టు లేదు, మోకాళ్ల నొప్పులున్న అమ్మకు మెట్లు కష్టమయ్యాయి. అయినా దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, అద్దె తక్కువ, పైగా చూడవలసినవాటిలో ముఖ్యమైనవి కాలినడకకు అందాయి. ఈ ఊరు చూడటానికే వచ్చేవారు పాతబస్తీలో దిగడమే మంచిదని నా అభిప్రాయం.

పొద్దున ఫలహారానికి సందు మొగలో ఉన్న బండి దగ్గరికి వెళ్లాము. బండి నడిపే ఆమె బొరుగులను నీళ్లలో ముంచి, రెండు చేతులా నీళ్లు పిండి, పక్కన పెట్టింది. ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, పసుపు వేసిన తిరగమోతలో వాటిని కలియబెట్టి, దించే ముందు గుప్పెడు పప్పుల పొడి చల్లింది. ఈ బొరుగుల ఫలహారమే ఉగ్గాని; దాని రుచి అంతా ఆ పొడిలోనే ఉంటుంది. ముందుగా వేస్తే ముద్దవుతుంది. “ఇంగో రెండు బజ్జీలు ఎయ్యాల్నా అమ్మా?” అని అడిగినప్పుడు అమ్మ కాదనలేదు. హోటళ్లలో తిన్న రెండు పూటల భోజనం గురించి చెప్పవలసినంత లేదు.

కొండారెడ్డి బురుజు ఊరి నడిబొడ్డున, వాహనాల రద్దీ మధ్య నిలబడి ఉంది. 1529 నుంచి 1542 వరకు విజయనగరాన్ని ఏలిన అచ్యుతదేవరాయల కాలంలో కట్టిన కోటలో మిగిలిన భాగమిది. అలంపురం పాలకుడైన కొండారెడ్డిని కర్నూలు నవాబు ఇందులో బంధించాడని, అందువల్లనే ఆ పేరు వచ్చిందని చెబుతారు. లోపలి నుంచి తుంగభద్ర కిందుగా గద్వాలకు సొరంగం ఉందని మా ఆటో డ్రైవరు ప్రమాణం చేసినంత పని చేశాడు. అతడు అడిగిన కిరాయి కూడా సొరంగం దాటించినంతే ఉంది! మెట్లు ఎత్తుగా ఉంటాయి కనుక పెద్దవాళ్లు కిందే కూర్చోవడం మంచిది. పైకెక్కితే ఊరంతా కనిపిస్తుంది గాని, చరిత్రను విడమరచి చెప్పే పలక నాకైతే కనబడలేదు, తాగునీటి సదుపాయమూ కనబడలేదు. సినిమాల్లో చూసి ఎంతో ఊహించుకుని వచ్చేవారు కాస్త నిరాశపడవచ్చు.

అందరూ బురుజు పేరే చెబుతారు గాని, మా రెండు రోజులకు ఫలితం దక్కింది హంద్రీ ఒడ్డున ఉన్న గుమ్మజ్ దగ్గర. బీజాపూరు సుల్తానుల తరఫున కర్నూలును ఏలిన అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి ఇది. పదిహేడవ శతాబ్ది ఆరంభం నాటిది. రెండు గుమ్మటాలు, వాటి చుట్టూ కమానుల వసారా. మేము వెళ్లిన సాయంత్రం ఎండ కమానుల గుండా ఏటవాలుగా పడి, నేల మీద వరుసగా వంపులు గీసినట్లుంది; పావురాల రెక్కల చప్పుడు తప్ప మరేమీ వినబడలేదు. బురుజు దగ్గర పావుగంటకే విసుగుచెందిన అమ్మ ఇక్కడ గంటసేపు గోడకు ఆనుకుని కూర్చుంది. ఇక్కడి నవాబుల కథ 1839లో ముగిసింది: ఆయుధాలు పోగుచేస్తున్నాడన్న ఆరోపణ మీద చివరి నవాబు గులాం రసూల్ ఖాన్‌ను ఆంగ్లేయులు పట్టుకుని తిరుచిరాపల్లికి పంపారు, ఆయన అక్కడే హతుడయ్యాడు.

హంద్రీ ఈ ఊళ్లోనే తుంగభద్రలో కలుస్తుంది. అలంపురం ఆలయాలకు రాళ్లు మోసుకువెళ్లే బండ్లు ఏరు దాటేముందు ఇరుసులకు కందెన పూసుకునేవి గనుక కందెనవోలు అన్న పేరు వచ్చిందని చెప్పే కథలో నిజమెంతున్నా, ఈ ఊరి కథంతా నదితో ముడిపడినదే. 2009 అక్టోబరులో ఆ నదే ఊరి మీదికి వచ్చింది. మేము గాజులు కొన్న అంగడి యజమాని లేచి నిలబడి, గోడ మీద తన తలకన్నా పైన చెయ్యి పెట్టి, “ఈడికొచ్చినాయి నీళ్లు” అని మాత్రం అన్నాడు.

రెండవ రోజు ఆటోలో సి క్యాంపుకు వెళ్లాము. రాయలసీమకు రాజధాని గాని హైకోర్టు గాని దక్కాలని కోస్తా, రాయలసీమ నాయకులు 1937లో చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక ప్రకారం, 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి అయ్యారు. చాలినన్ని భవనాలు లేక కార్యాలయాలకూ ఉద్యోగులకూ డేరాలు వేశారు. మూడేళ్లకు, 1956 నవంబరులో రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. ఎ, బి, సి క్యాంపులన్న పేర్లు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. గాలివానకు డేరా ఎగిరిపోతుంటే తాతగారు ఫైళ్ల మూటను కడుపుకు హత్తుకుని కూర్చున్నారన్నది అమ్మకు కంఠతా వచ్చిన కథ. ఆ చోటు ఏదని ఇద్దరు ముసలివాళ్లను అడిగాము; ఒకరు తూర్పు చూపారు, ఇంకొకరు పడమర. చివరికి అమ్మ రైతుబజారులోకి నడిచి, రెండు కట్టల గోంగూర బేరమాడి తీసుకుని, “ఇంక పద నాయనా, బస్సు టైమయింది” అన్నది.