పొయిరో “మొత్తం 70 ఎపిసోడ్ల” డీవీడీ పెట్టె కొనబోతున్నారా? ఆ స్టార్లను నమ్మకండి

అగాథా క్రిస్టీ కథల్లోని డిటెక్టివ్ పొయిరోగా డేవిడ్ సూషే నటించిన బ్రిటిష్ సీరియల్ డీవీడీలు ఆన్‌లైన్‌లో కొనాలని చూస్తున్నవాళ్లకు ఈ హెచ్చరిక. “కంప్లీట్ కలెక్షన్, 13 సీరీస్‌లు, 70 ఎపిసోడ్లు, ఒరిజినల్ యూకే ఇంపోర్ట్” అని రాసి, పక్కన నాలుగున్నర స్టార్లు మెరిపిస్తున్న పెట్టెలన్నీ ఒరిజినల్ కావు. మాకు వచ్చింది పక్కా పైరసీ సరుకు. అయిదు వేలకు దగ్గరగా పెట్టాం. డబ్బు సంగతి తర్వాత చెబుతాను. ముందు తెలియాల్సింది ఏంటంటే, ఆ స్టార్లు పెట్టెను చూసి ఎవరూ వేయలేదు. పొయిరో మీద అభిమానంతో వేశారు.

ఆ పేజీలో రివ్యూలు చదివితే ఎవరికైనా చెయ్యి ఆగదు. ఒకాయన సూషే నడక గురించే పేరా రాశాడు, చిన్న చిన్న అడుగులు, మెరిసే బూట్లు, దుమ్ము పడితే ప్రాణం పోయినట్టు ఆ ముఖం. ఇంకొకావిడకు ఉడికించిన గుడ్లు రెండూ ఒకే సైజులో లేకపోతే ముట్టని ఆ చాదస్తం తెగ నచ్చింది. ఆ చాదస్తం వెనక ఉన్న కష్టం కూడా కొందరు గుర్తుచేశారు. పాత్ర ఒప్పుకున్నాక సూషే క్రిస్టీ కథలు చదువుతూ పొయిరో అలవాట్లన్నీ 93 అంశాలుగా రాసిపెట్టుకున్నాడు. కాఫీ, టీలలో ఎన్ని చక్కెర ముక్కలు వేసుకుంటాడన్నది కూడా అందులో ఉంది. క్రిస్టఫర్ గన్నింగ్ శాక్సఫోన్ టైటిల్ మ్యూజిక్ వినబడితే చాలు ఎక్కడున్నా టీవీ ముందుకు వచ్చేస్తాం అన్నవాళ్లున్నారు. పొయిరో ఫ్లాట్‌గా చూపించే భవనం లండన్‌లోని ఫ్లోరిన్ కోర్ట్ అని దాని ముందు ఫొటో దిగి పెట్టినవాళ్లున్నారు.

అన్నీ నిజాలే, నేనూ అవే అంటాను. కానీ ఇంతమందిలో డిస్కు ఎలా ఆడింది, అట్ట ఎలా ఉంది, ఎపిసోడ్లు లెక్క సరిపోయాయా అని రాసినవాళ్లు చాలా తక్కువ. దానికో కారణం ఉంది. ఇలాంటి సైట్లలో బ్రిటన్ డీవీడీ, అమెరికా డీవీడీ, బ్లూరే, విడి సీరీస్‌లు, వీటన్నిటి రివ్యూలూ చాలాసార్లు ఒకే కుప్పగా పోస్తారు. ఎవరో ఎప్పుడో వేరే సెల్లర్ దగ్గర అసలు పెట్టె కొని అయిదు స్టార్లు వేస్తారు, అవి వచ్చి ఈ దొంగ పెట్టె కింద చేరతాయి. సూషేను తిట్టేవాడు దొరకడం కష్టం కాబట్టి రేటింగ్ ఎప్పుడూ పైనే ఉంటుంది. పైరసీ వాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

మా ఇంట్లో దీనికోసం ఎదురుచూసింది మా మామయ్యగారు. బ్యాంకులో చేసి రిటైరయ్యారు, క్రిస్టీ నవలలు ఒకటికి రెండుసార్లు చదివినవారు. వినికిడి తగ్గింది కాబట్టి కింద సబ్‌టైటిల్స్ లేకపోతే ఆయనకు కుదరదు. సబ్‌టైటిల్స్ ఉన్నాయని పేజీలో రాసే ఉంది.

పెట్టె విప్పగానే తేడా కనబడింది. ముందు అట్ట మీద మీసం ఒకవైపు మడతలోకి వెళ్లిపోయింది. పొయిరో చూస్తే అక్కడికక్కడే కళ్లు తిరిగి పడిపోయేవాడు. వెనక అక్షరాలు అలుక్కుపోయాయి, ఫొటోకాపీకి ఫొటోకాపీ తీసినట్టు. బ్రిటన్‌లో అమ్మే డీవీడీల మీద బీబీఎఫ్‌సీ అనే అక్కడి సెన్సార్ సంస్థ ఇచ్చే వయసు గుర్తు చట్టప్రకారం ఉండాలి. ఇక్కడ ఆ చోట ఒక రంగు మచ్చ ఉంది, లోపల అంకె చదవలేం. డిస్కు తిప్పి చూస్తే అడుగున ఊదారంగు. ఫ్యాక్టరీలో అచ్చువేసిన డిస్కు వెండిరంగులో ఉంటుంది, కొన్ని లేత బంగారు రంగులో ఉంటాయి. ఊదా, నీలం ఛాయ కనబడితే అది ఎవరో కంప్యూటర్లో రైట్ చేసిన ఖాళీ డిస్కు అన్నమాట.

ఆడించి చూశాం. మొదటి సీరీస్‌లు 1989 నుంచి వచ్చినవి, అప్పటి టీవీకి తగ్గట్టు దాదాపు చదరంగా తీసినవి. వీళ్లు ఆ బొమ్మను పట్టుకుని వెడల్పు టీవీకి సరిపడా అడ్డంగా సాగదీశారు. పొయిరో బొద్దుగా కనబడాలని సూషే అప్పటికే ఒంటికి ప్యాడింగ్ కట్టుకుని నటించాడు. ఈ డిస్కు దాని మీద ఇంకో ప్యాడింగ్ కట్టింది. మూలన ఏదో ఛానల్ లోగో, ప్రకటన వచ్చే చోట టక్కున తెగిన మాట. వేరే సీరియల్ అయితే సర్దుకుపోవచ్చేమో గానీ, ఇందులో హంతకుడి గుట్టు తరచూ గదిలో మూలన ఉన్న చిన్న వస్తువులోనో, ఎవరో నోరుజారిన ఒక్క వాక్యంలోనో ఉంటుంది. ఆ వాక్యమే తెగిపోతే చివర్లో పొయిరో అందరినీ హాల్లో కూర్చోబెట్టి విప్పి చెబుతున్నప్పుడు మనం బిక్కమొహం వేయాలి.

సబ్‌టైటిల్స్ ఎవరూ కూర్చుని రాసినవి కావు, మెషీన్ విని కొట్టినవి. పొయిరో హేస్టింగ్స్‌ను “మొనామీ” (ఫ్రెంచిలో ‘నా మిత్రమా’) అని పిలిచిన ప్రతిసారీ కింద “మమ్మీ” అని పడుతోంది. మామయ్యగారు కాసేపు ఓపిగ్గా చూసి, “అమ్మా, ఈ హేస్టింగ్స్ ఆయనకు ఏమవుతాడు?” అని అడిగారు.

అసలు దెబ్బ 2004 నాటి “డెత్ ఆన్ ద నైల్” ఉండాల్సిన డిస్కులో తగిలింది. పెడితే వచ్చింది 1978 నాటి సినిమా, పీటర్ ఉస్తినోవ్ పొయిరోగా వేసింది. ఉస్తినోవ్‌ను తక్కువ చేయడం లేదు, ఆయన పొయిరోకు ఆయన అభిమానులున్నారు. ఆయన పొయిరోగా చేసిన 1985 నాటి టీవీ సినిమాలో పోలీసు ఇన్‌స్పెక్టర్ జాప్ వేషం వేసింది ఇదే సూషే. కానీ మేం డబ్బు కట్టింది సూషేకు. ఇక చివరి సీరీస్‌లో అయిదు కథలు ఉండాలి, రెండే ఉన్నాయి. మిగతా చోట పాత ఎపిసోడ్లే మళ్లీ ఎక్కించి అంకె సరిపెట్టారు. “కర్టెన్” లేనే లేదు. పాతికేళ్లు సాగిన సీరియల్‌కు ముగింపు అది.

సెల్లర్ చెప్పిన సమాధానాలు మీకూ ఎదురవుతాయి కాబట్టి రాస్తున్నాను. బొమ్మ గురించి అడిగితే, “పాత సీరియల్ మేడమ్, అప్పటి క్వాలిటీ అంతే” అన్నాడు. అబద్ధం. అది ఫిల్మ్ మీద తీసిన సీరియల్, శుభ్రం చేసి బ్లూరేలో కూడా తెచ్చారు, అసలు కాపీలో కోటు మీద నేత కూడా కనబడుతుంది. చివరి కథలు లేవంటే ఇంకా విచిత్రమైన మాట చెప్పాడు: “ఆ చివరివి ఎవరికీ నచ్చలేదు మేడమ్, రివ్యూలు చూడండి, అందరూ పాతవే బాగున్నాయంటారు.” ప్రేక్షకులకు నచ్చలేదు కాబట్టి మూడు కథలు ఎగ్గొట్టానని చెప్పే వ్యాపారిని నేను మొదటిసారి చూశాను.

పైగా ఆ మాట కూడా సగమే నిజం. ప్రేక్షకుల్లో రెండు వర్గాలున్న సంగతి వాస్తవం. ఒక వర్గానికి పొయిరో అంటే మొదటి పన్నెండు, పదమూడేళ్లే. యాభై నిమిషాల చిన్న కథలు, అమాయకపు హేస్టింగ్స్, విసుక్కునే జాప్, ఫైళ్లను ప్రాణంగా చూసుకునే సెక్రటరీ మిస్ లెమన్. ఆ వేషాలు వేసిన హ్యూ ఫ్రేజర్, ఫిలిప్ జాక్సన్, పాలీన్ మోరన్, ఈ ముగ్గురూ ఉంటే ఇల్లు నిండినట్టుంటుంది. హత్య జరిగినా గుండె బరువెక్కదు. 2003లో “ఫైవ్ లిటిల్ పిగ్స్” నుంచి తీరు మారిపోయింది. ఆ ముగ్గురూ తెరమరుగయ్యారు, మళ్లీ 2013లో “ది బిగ్ ఫోర్” దాకా కనబడరు. నవ్వు తగ్గింది, ఆ శాక్సఫోన్ కూడా వెనక్కి వెళ్లిపోయింది. ఒక్కో కథా సినిమాలా నడుస్తుంది, పొయిరో ఒంటరివాడిగా, దైవభక్తుడిగా కనబడతాడు. రెండో వర్గానికి నచ్చేది ఇదే. “ఫైవ్ లిటిల్ పిగ్స్”ను మొత్తం సీరియల్‌కే మేటి అనేవాళ్లు ఎంతోమంది, వాళ్లలో నేనూ ఉన్నాను.

2010 నాటి “మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్” దగ్గర మాత్రం ఈ రెండు వర్గాలూ కాక అందరూ అందరితో పోట్లాడుకుంటారు. చివర్లో పొయిరో కోపంతో ఊగిపోవడం, జపమాల పట్టుకుని మంచులో నడవడం, అది పొయిరోయేనా అని కొందరు, సూషే జీవితంలో గొప్ప సన్నివేశం అదేనని కొందరు. “అపాయింట్‌మెంట్ విత్ డెత్” విషయంలో గొడవ తక్కువ, నవలను ఇష్టం వచ్చినట్టు మార్చేశారని చాలామంది ఒప్పుకుంటారు. క్రిస్టీ 1966లో రాసిన “థర్డ్ గర్ల్”ను కూడా 1930లలోకి లాక్కెళ్లారని గొణిగేవాళ్లున్నారు. నాకైతే అది తప్పనిపించదు, ఆ కార్లూ ఆ భవనాలూ లేకుండా ఈ పొయిరోను ఊహించలేను.

ఇంత ఎందుకు చెప్పానంటే, రివ్యూల్లో “చివరివి బాగాలేవు” అని కనబడితే అది కథ గురించా, డిస్కు గురించా అన్నది మీరే విడదీసుకోవాలి. ఇంకో సంగతి, ఆ రివ్యూలు నిర్మొహమాటంగా హంతకుడి పేరు చెప్పేస్తాయి. రోజర్ అక్రాయిడ్ కథ తెలియనివాళ్లు ఆ పేరున్న రివ్యూ జోలికి పోకండి.

కొనేముందు చూడాల్సినవి చెబుతాను. రేటింగ్ వదిలేసి ఒకటి, రెండు స్టార్ల రివ్యూలే తెరవండి, అందులోనూ కొన్నవాళ్లు ఫొటోలు పెట్టినవి. మేం కొన్న పేజీలో కూడా అట్టడుగున ఊదారంగు డిస్కు ఫొటో ఒకటుంది, పొగడ్తల కింద పూడిపోయి. సెల్లర్ పేరు నొక్కి ఇంకేం అమ్ముతున్నాడో చూడండి. మా సెల్లర్ ఫోన్ కవర్లు, వంటింటి డబ్బాలు, మధ్యలో బ్రిటిష్ సీరియళ్లు అమ్ముతున్నాడు. ఇంపోర్ట్ సరుకైతే ఏ దేశంలో తయారైందో పేజీలో ఉండాలి. ఇక్కడ ఆ గడిలో మన దేశం పేరే ఉంది, పైన మాత్రం “యూకే ఇంపోర్ట్”.

రీజియన్ అడగండి, అంటే ఆ డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు. బ్రిటన్ డీవీడీలు రీజియన్ 2, అమెరికావి రీజియన్ 1, మన దేశం రీజియన్ 5. రీజియన్ లాక్ ఉన్న ప్లేయర్‌లో అసలైన బ్రిటన్ డిస్కు కూడా ఆడదు, కాబట్టి మీ ప్లేయర్ అన్ని రీజియన్లూ తీసుకుంటుందో లేదో ముందే తేల్చుకోండి. బ్లూరే అయితే బ్రిటన్‌ది బీ, అమెరికాది ఏ, మనది సీ. “బ్రిటన్ ఒరిజినల్, కానీ ఎక్కడైనా ఆడుతుంది” అని సెల్లర్ గర్వంగా చెబితే ఒకటికి రెండుసార్లు అనుమానించండి. పెట్టె వచ్చాక సీల్ తీసేటప్పుడే వీడియో తీయండి, డిస్కుల అడుగు భాగంతో సహా. మాకు ఉపయోగపడింది అదే.

“ఓపెన్ చేసిన డిస్కులు వెనక్కి తీసుకోం” అన్న మాటకు బెదిరిపోవద్దు. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం నకిలీ సరుకు, లోపమున్న సరుకు, ప్రకటనలో చెప్పినట్టు లేని సరుకు వెనక్కి తీసుకోనని సెల్లర్ అనడానికి వీల్లేదు. సైట్‌కు గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులో కూడా మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు. ఫిర్యాదులో “క్వాలిటీ బాగాలేదు” అని రాయకండి. అలా రాస్తే అది అభిప్రాయం అయిపోయి, మళ్లీ పాత సీరియల్ కథ మొదలవుతుంది. “70 అని అమ్మి ఇన్ని తక్కువ ఇచ్చారు, వేరే నటుడి సినిమా పెట్టారు, కాపీ డిస్కులు” అని లెక్కలు, ఫొటోలు పెట్టండి.

మాకు సగం డబ్బు తిరిగివచ్చింది, మిగతా సగం మీద హెల్ప్‌లైన్ ఫిర్యాదు నడుస్తోంది. మామయ్యగారికి “కర్టెన్” ఉన్న చివరి సీరీస్ ఒక్కటి విడిగా, డీవీడీలే అమ్మే షాపు నుంచి తెప్పించాం. డిస్కు వెండిరంగు, సబ్‌టైటిల్స్ శుభ్రంగా ఉన్నాయి. మొత్తం పెట్టె మీద పడకుండా ఇలా సీరీస్ తర్వాత సీరీస్ కొనుక్కోవడమే నయం, తేడా వస్తే పోయేది తక్కువ. ఆ దొంగ పెట్టె మాత్రం ఇప్పటికీ అమ్ముతున్నారు. సెల్లర్ పేరు మారింది, ఫొటో మారింది, ధర కాస్త తగ్గింది. గుర్తుపట్టాలంటే వివరాల్లో “13 సీరీస్‌లు” అన్న చోట చూడండి, ఎపిసోడ్ల జాబితా పన్నెండో సీరీస్ దగ్గరే ఆగిపోయి ఉంటుంది.