పోలియోకి చుక్కలా, సూదా? ఏది మేలు?

"నిండు జీవితానికి రెండు చుక్కలు" అని గోడల మీద చదువుకుంటూ పెరిగిన తరం మనది. అందుకే ఆరు వారాల పసిబిడ్డకు ఏఎన్ఎం చుక్కలు వేసి, ఆ వెంటనే కుడి చేతికి సూది కూడా వేస్తుంటే అనుమానం వస్తుంది. రెండూ పోలియోకేనా? అవును, రెండూ పోలియోకే. పనిచేసే తీరే వేరు.

చుక్కల్లో ఉండేది బతికున్న వైరసే, కాకపోతే బలం తగ్గించినది. అసలు పోలియో నోటి ద్వారా వెళ్లి పేగుల్లో చేరుతుంది. ఈ మందూ అదే దారిన వెళ్లి, పేగుల్లోనే పెరిగి, అక్కడే కాపలా పెడుతుంది. తర్వాత అసలు వైరస్ వచ్చినా నిలదొక్కుకోవడం కష్టం, కాబట్టి ఆ బిడ్డ నుంచి పక్కింటి బిడ్డకు పాకడమూ తగ్గుతుంది. 1995లో పల్స్ పోలియో మొదలైంది, 2011 జనవరిలో హౌరాలో చివరి అసలు పోలియో కేసు వచ్చింది, 2014 మార్చిలో పోలియో లేని దేశంగా గుర్తింపు దక్కింది. సిరంజితో పనిలేదు, బస్టాండులో నిలబడి కూడా వేయొచ్చు. ఈ సౌకర్యం లేకపోతే ఇంత పెద్ద దేశంలో ఆ పని అయ్యేది కాదు.

చిక్కు కూడా ఆ బతికున్న వైరస్‌తోనే. అది కొన్ని వారాల పాటు మలంలో బయటికి పోతుంది. పిల్లలందరికీ టీకాలు పడిన చోట ఫర్వాలేదు. పడని చోట నెలల తరబడి ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూ మారిపోయి, మళ్లీ కాళ్లు పడగొట్టే శక్తి తెచ్చుకోవచ్చు. చుక్కలు వేసుకున్న బిడ్డకే పక్షవాతం రావడం కూడా ఉంది గానీ చాలా అరుదు. సుమారు 27 లక్షల మొదటి డోసులకు ఒకటని అంచనా.

పోలియో వైరస్‌లో మూడు రకాలున్నాయి: టైప్ 1, 2, 3. 2016లో హైదరాబాద్ అంబర్‌పేట మురుగునీటి నమూనాలో ఇలా మారిన టైప్ 2 టీకా వైరస్ బయటపడింది. వెంటనే హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో పిల్లలకు ప్రత్యేకంగా పోలియో సూదులు వేశారు. టైప్ 2ను చుక్కల మందులోంచి తీసేసింది కూడా ఆ ఏడాది ఏప్రిల్‌లోనే. ఇప్పుడు మన చుక్కల్లో ఉండేవి టైప్ 1, 3 మాత్రమే. టైప్ 2కి రక్షణ కావాలంటే సూది వేయించాల్సిందే.

సూదిలో ఉండేది ఫార్మలిన్ అనే రసాయనంతో చంపేసిన వైరస్. పెరగదు, జబ్బు తేలేదు. 1955లో అమెరికాలో కట్టర్ అనే కంపెనీ టీకాలో వైరస్ పూర్తిగా చావక పిల్లలకు పక్షవాతం వచ్చింది. ఆ దెబ్బతో తయారీ పరీక్షలు కట్టుదిట్టం చేశారు. ఇప్పుడు సాధారణంగా కనిపించేది వేసిన చోట నొప్పి, ఎరుపు, కాస్త జ్వరం. ఇది రక్తంలో యాంటీబాడీలు పెంచి, వైరస్ నరాల దాకా పోకుండా ఆపుతుంది. పేగుల్లో కాపలా మాత్రం అంతంతే. బిడ్డ క్షేమంగా ఉంటుంది గానీ వైరస్‌ను మోసుకెళ్లే అవకాశం మిగులుతుంది.

ప్రభుత్వ టీకా కేంద్రంలో వేసేది 0.1 మి.లీ., అంటే పూర్తి డోసులో అయిదో వంతు. "నీళ్లు కలిపారేమో" అని టెన్షన్ పడేవాళ్లున్నారు. కలపరు. కండలోకి కాకుండా చర్మం పొరలోకి ఎక్కిస్తారు, దోమ కుట్టినట్టు చిన్న ఉబ్బు లేస్తుంది. చర్మంలో రోగనిరోధక కణాలు ఎక్కువ కాబట్టి కొంచెం మందుతోనే పని జరుగుతుంది. ఆరు, పద్నాలుగు వారాలకు, మళ్లీ తొమ్మిది నెలలకు, మూడుసార్లూ వేయించాలి.

ఒక్క బిడ్డ భద్రతే చూస్తే సూదిదే పైచేయి. అమెరికా 2000 నుంచి సూది ఒక్కటే వాడుతోంది, అక్కడి మన తెలుగు పిల్లలకు పడేదీ అదే. మన దగ్గర జనం రద్దీ, మురుగు చూస్తే చుక్కలు మానేసే ధైర్యం నేనైతే చేయను. ప్రైవేటులో సూది వేయించినా పోలియో ఆదివారం చుక్కలు వేయించండి. బుడ్డి మీద వలయం మధ్యలో చిన్న చదరం ఉంటుంది. అది వలయం కన్నా లేత రంగులో ఉంటేనే మందు పనికొస్తుంది. అడిగి చూడొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

పుట్టుకతో రోగనిరోధక లోపం ఉన్న బిడ్డకు మాత్రం చుక్కలు వేయకూడదు. ఆ ఇంట్లో మిగతా పిల్లలకూ అంతే. అలాంటి ఇంటికి సూదే. ఆ సంగతి ఆశా వర్కర్ గుమ్మంలోకి రాగానే చెప్పేయండి, మందు మూత తీశాక కాదు.