బరంపురం నుంచి ‘ఒక్కరోజు ప్రకృతి, సంస్కృతి టూర్’: డబ్బు కట్టేముందు ఇది చదవండి

పసుపు రంగు పోస్టరు, దాని మీద కృష్ణజింక బొమ్మ, కింద ‘పది మందే, తెలుగు గైడ్, గిరిజన భోజనం’ అని ఉంటుంది. మన బరంపురం (ఒడిశా, గంజాం జిల్లా) తెలుగు గ్రూపులన్నిట్లో చలికాలం మొదలైనప్పట్నుంచీ అదే తిరుగుతోంది. పేరు రాయడం లేదు, పోస్టరు చూసినవాళ్ళకి ఎవరో తెలిసిపోతుంది. వాళ్ళకి డబ్బు కట్టకండి. ఇప్పటికే కట్టేసి ఉంటే ఇవాళే ఫోన్ చేసి వెనక్కి అడగండి. సంక్రాంతికి చుట్టాలొస్తారు, వాళ్ళని ఎక్కడికైనా తిప్పి చూపిద్దామనుకునేవాళ్ళు మనలో చాలామంది ఉంటారు. అందుకే కోపం చల్లారకముందే రాస్తున్నాను.

విజయనగరం నుంచి మా పెద్దనాన్న, పెద్దమ్మ వచ్చారు. పెద్దనాన్న హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. నేనూ మావారూ కలిపి నలుగురం, తలకి 2,200, మొత్తం ముందే ఫోన్‌పేలో వేయించుకున్నారు. జౌగడ, భేట్నొయి, తప్తపాణి, దారిలో సవర గిరిజన చిత్రకారుడి ఇల్లు, చివర చంద్రగిరి బౌద్ధ మఠం. ఇదీ వాళ్ళు రాసిచ్చిన ప్రోగ్రాం. పది మందే అన్నారు. పన్నెండు సీట్ల ట్రావెలర్‌లో పదిహేడు మందిని ఎక్కించారు, నడిచే దారిలో ప్లాస్టిక్ స్టూళ్ళు వేసి పిల్లల్ని కూర్చోబెట్టారు. అయిదున్నరకి రావాల్సిన బండి ఏడు దాటాక వచ్చింది. ఇవన్నీ భరించొచ్చు, అందరం భరించాం కూడా.

పెద్దనాన్న వచ్చిందే జౌగడ కోసం. పురుషోత్తంపురం దగ్గర, ఋషికుల్య నది పక్కన, అశోకుడి శాసనాలున్న బండ అది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన పిల్లలకి ఆ పాఠం చెప్పారు గాని కళ్ళతో చూడలేదు. బండెక్కిన దగ్గర్నుంచీ స్టూళ్ళ మీద కూర్చున్న పిల్లలకి అదే చెబుతున్నారు. కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చిపోయారని, తనకి పశ్చాత్తాపం కలిగిందని అశోకుడు చెప్పుకున్నది పదమూడో శాసనంలో. ఆ శాసనం మిగతా చోట్ల ఉంది గాని ఇక్కడ జౌగడలోనూ అక్కడ భువనేశ్వర్ దగ్గరి ధౌళిలోనూ లేదట. పదకొండు, పన్నెండు, పదమూడు తీసేసి, వాటి బదులు కళింగ వాళ్ళ కోసమే రెండు శాసనాలు వేరేగా చెక్కించాడు. ‘మనుషులందరూ నా బిడ్డలే’ అన్నది వాటిలోదే. కారణం లేకుండా ఎవర్నీ బంధించొద్దని, బాధపెట్టొద్దని తన అధికారులకి చెప్పిందీ అక్కడే. ఇక మొదటి శాసనం సంగతి చెబితే పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. ఒకప్పుడు రాజుగారి వంటశాలలో రోజూ లక్షల జంతువుల్ని చంపేవారట. ఇప్పుడు రెండు నెమళ్ళు, ఒక జింక మాత్రమే, ఆ జింక కూడా రోజూ కాదు, ఇక ముందు ఆ మూడూ ఉండవు అని రాయించాడు. “అది చదివి నేరుగా జింకల్ని కాపాడుకునే ఊరికి వెళ్తున్నాం. ఈ దారి ఎవరు వేశారో గాని బాగా వేశారమ్మా” అన్నారు పెద్దనాన్న నాతో.

హింజిలి దగ్గర గైడ్ లేచి నిలబడి, జౌగడ రోడ్డు పాడైంది, వెళ్ళడం లేదు అన్నాడు. “అయినా అక్కడ ఒక రాయి తప్ప ఏముందండీ” అని కూడా అన్నాడు. పెద్దనాన్న చేతిలో నోట్‌బుక్ ఉంది. దాన్ని మెల్లగా సంచిలో పెట్టేసుకున్నారు. పురుషోత్తంపురం నుంచి రోజూ మా ఆఫీసుకొచ్చే కొలీగ్‌ని తర్వాత అడిగాను. రోడ్డుకి ఏమీ కాలేదు, అదే ఆదివారం వాళ్ళింటికి చుట్టాలు ఆ దారినే వచ్చారంది.

ఇప్పుడు భేట్నొయి. నేను చెప్పాలనుకున్నది ఇదే.

వెళ్ళనివాళ్ళకి రెండు మాటలు చెప్పాలి. ఆస్కా దాటాక వస్తుంది ఆ ఊరు. అక్కడ కంచె లేదు, గేటు లేదు, టిక్కెట్టు లేదు. కృష్ణజింకలు రైతుల పొలాల్లోనే తిరుగుతాయి, పంట కూడా మేస్తాయి. ఎప్పుడో పెద్ద కరువొచ్చినప్పుడు ఆ జింకలు ఊరికి వచ్చాయని, అవి వచ్చాకే వాన పడిందని వాళ్ళ నమ్మకం. అప్పట్నుంచి తాతల కాలంగా వాటి మీద చెయ్యి వేయరు, వేరేవాళ్ళని వెయ్యనివ్వరు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో కృష్ణజింక మొదటి షెడ్యూల్‌లో, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉంది. చట్టం రాకముందు నుంచే ఆ ఊరు ఈ పని చేస్తోంది. దేశంలో చాలాచోట్ల మాయమైపోయిన జంతువు గంజాం పొలాల్లో ఇంకా మందలుగా కనిపిస్తోందంటే, పంట పోయినా ఓర్చుకున్న ఆ రైతుల పుణ్యమే. ఈ జిల్లాలో పుట్టిన ఎవరికైనా అది గర్వంగా ఉంటుంది. పెద్దనాన్న వాళ్ళకి అది చూపించాలనే నేను ఈ టూర్ తీసుకున్నాను.

మేం వెళ్ళేసరికి వరి కోసేసిన పొలాల్లో పెసర లేచి ఉంది. దూరంగా మంద కనిపించింది. మగవి వీపు నలుపు, పొట్ట తెలుపు, మెలికలు తిరిగిన కొమ్ములు. ఆడవి, పిల్లలు గోధుమ రంగు. బండిలో ఉన్న చిన్నపిల్లలు కూడా మాట్లాడటం మానేశారు. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని అలాగే చూస్తోంది.

ముందు సీట్లో ఒకాయన ఫోన్‌లో ఫొటో సరిగ్గా రావడం లేదన్నాడు. అంతే. గైడ్ డ్రైవరు భుజం తట్టాడు, బండి రోడ్డు దిగింది. గట్టు మీద నుంచి పెసర చేలోకి దిగి, హారన్ మీద చెయ్యి తియ్యకుండా మంద మీదకి పోనిచ్చాడు. గైడ్ తలుపు తీసి బయటికి వేలాడుతూ బండి రేకు మీద దబదబా బాదుతున్నాడు. “వీడియో తియ్యండి, వీడియో తియ్యండి, ఎగురుతాయి చూడండి!” అంటున్నాడు. ఎగిరాయి. ప్రాణభయంతో అంతెత్తున ఎగిరాయి. ఒక జింకపిల్ల మందలోంచి విడిపోయి రోడ్డువైపు పరిగెత్తింది, హారన్ చప్పుడుకి ఎక్కణ్ణుంచి వచ్చాయో రెండు కుక్కలు దాని వెనకపడ్డాయి. ఆపమని నేనూ మావారూ అరిచాం. “మేడమ్, మీరు కూర్చోండి. మిగతావాళ్ళ డబ్బు వేస్ట్ చెయ్యకండి” అన్నాడు నన్ను.

ఊళ్ళోవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. కుర్రాళ్ళు కొందరు కుక్కల వెంట వెళ్ళారు. మిగతావాళ్ళు బండికి అడ్డంగా నిలబడ్డారు. వాళ్ళలో పెద్దాయన ఒకాయన, తలకి గంచా (తువ్వాలు) చుట్టుకుని ఉన్నాడు, చేలో పడిన చక్రాల జాడ చూస్తూ వచ్చి బండి దింపింది ఎవరని అడిగాడు.

గైడ్ దిగి చేతులు కట్టుకున్నాడు. అప్పటిదాకా రేకు మీద బాదిన మనిషి ఒడియాలో ఎంత మెత్తగా మాట్లాడాడో. “ఆజ్ఞా (అయ్యా), నేను వద్దనే చెప్పాను. వీళ్ళు ఆంధ్రావాళ్ళు. అదిగో, వెనకాల ఆ ముసలాయన పెద్ద ఆఫీసరు. దగ్గరికి తీసుకెళ్ళకపోతే డబ్బు ఇవ్వనన్నాడు. నేనేం చెయ్యను, కూలివాణ్ణి” అన్నాడు. అంటూ మా పెద్దనాన్న వైపు వేలు చూపించాడు.

పెద్దనాన్నకి ఒడియా రాదు. ఎవరో తనని చూపిస్తున్నారు, ఆ ఊరి పెద్దమనిషి తనవైపు చూస్తున్నాడు. ‘ఈయన మాష్టారు’ అని పరిచయం చేస్తున్నారనుకున్నారు. కిటికీలోంచి నవ్వి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టారు.

ఆ పెద్దాయన ముఖం నేను చూశాను. ఇంత పని చేయించి ఇంకా నవ్వుతున్నాడే అన్నట్టు చూసి, నేలమీద ఉమ్మేసి, ముఖం తిప్పేసుకున్నాడు. పెద్దనాన్న చేతులు ఇంకా జోడించే ఉన్నాయి.

నాకు ఆ క్షణం ఇప్పటికీ కళ్ళముందు నుంచి పోవడం లేదు. డబ్బు పోతే పోయింది. డెబ్భై దాటిన మనిషి, దారంతా పిల్లలకి జీవహింస వద్దన్న శాసనం చెప్పిన మనిషి, ఆయన్ని తీసుకెళ్ళి ముక్కూ ముఖం తెలియని ఊళ్ళో దొంగలా నిలబెట్టారు. అదీ ఆయనకి అర్థం కాని భాషలో.

మాది తాతముత్తాతల నుంచీ బరంపురమే. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి గంజాం ఇటు వచ్చినప్పుడు మావాళ్ళు ఊరు వదిలిపోలేదు. నేను చదివింది ఒడియా మీడియంలో. బండి దిగి “మౌసా, సిఎ మిఛొ కొహుఛి, వీడు చెప్పేది అబద్ధం” అని మొదలుపెట్టి, ఫొటో దగ్గర్నుంచి రేకు బాదడం దాకా అంతా చెప్పాను. వెనక సీట్లో ఉన్న ఇచ్ఛాపురం అమ్మాయి కూడా దిగి వచ్చి, తనకి వచ్చిన నాలుగు ఒడియా ముక్కలతో నిజమేనంది. పెద్దాయన గైడ్‌ని అడిగితే వాడు నోరెత్తలేదు. నావైపు తిరిగి తెలుగులో, పళ్ళు బిగబట్టి ఏమన్నాడో తెలుసా?

“ఒడియా వచ్చని ముందే చెప్పాలి కదా మేడమ్.”

అంటే వీడికి ఇది అలవాటే. మాకు ముందు ఎన్ని బండ్లవాళ్ళ మీద ఇలా చెప్పాడో, శ్రీకాకుళం నుంచో విశాఖ నుంచో వచ్చి మంచి మనసుతో తిరిగి వెళ్ళిన ఎంతమంది మీద ఆ ఊళ్ళో చెడ్డపేరు ఉందో! ఇక్కడ ఒడియావాళ్ళూ మనమూ ఒకే బజారులో, ఒకే బడిలో పెరిగినవాళ్ళం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, ఎవరికీ అది బరువనిపించలేదు. రెండు భాషలూ వచ్చిన మనిషి ఇటువాళ్ళకీ అటువాళ్ళకీ మధ్య మాట చేరవేయాలి. వీడు ఆ రెండు భాషల్నీ తన తప్పు దాచుకోవడానికి వాడుకున్నాడు. గైడ్ అన్నవాడు చెయ్యకూడని పని ఇంతకంటే ఏముంది?

పెద్దాయన పెద్దనాన్న దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు, మంచినీళ్ళు తెప్పించాడు. చేను పాడైన రైతుకి మావారు డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు, బండివాడే ఇవ్వాలన్నాడు. చాలాసేపు గొడవపడ్డాక వాడు అయిదు వందలు ఇచ్చాడు. జింకపిల్ల వెనక వెళ్ళిన కుర్రాళ్ళు తిరిగి రాకముందే బండి కదిలించేశాడు. ఆ పిల్ల బతికిందో లేదో మాకు తెలియలేదు. జరిగిందేమిటో పెద్దనాన్నకి దారిలో చెప్పక తప్పలేదు. విని, “నేను నవ్వకుండా ఉండాల్సిందమ్మా” అన్నారు. ఆ మాటకి పెద్దమ్మ ఏడ్చేసింది.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. గిరిజన భోజనం అన్నది రోడ్డుపక్క హోటల్లో అన్నం, డాల్మా (కూరగాయలు వేసిన పప్పు). తప్తపాణిలో వేడినీళ్ళ కుండం దగ్గర ఇరవై నిమిషాలు. సవర చిత్రకారుడి ఇల్లు అని దింపింది ఒక దుకాణం దగ్గర, మెషీన్ మీద అచ్చేసిన గుడ్డలు ‘ఒరిజినల్ సవర పెయింటింగ్’ అని అమ్ముతున్నారు. సవర ఇళ్ళలో ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే ఆ బొమ్మ అలంకారం కాదు, పితరులకీ దేవతలకీ పెట్టే మొక్కు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చుకుని, వాళ్ళ కోసం పుస్తకాలు, నిఘంటువు రాసిన నేల ఇది. అక్కడ నిలబడి తెలుగువాళ్ళకి అచ్చుగుడ్డ అంటగడుతుంటే ఒళ్ళు మండిపోయింది. చంద్రగిరి చేరేసరికి చీకటి పడింది, మఠం తలుపులు మూసేశారు. 1963 నుంచి టిబెట్ శరణార్థులు ఉంటున్న ఊరు, 2010లో దలైలామా వచ్చి ప్రారంభించిన మఠం, మేం చూసింది దాని ప్రహరీగోడ.

డబ్బు వెనక్కి అడిగితే ఓనరు వాయిస్ మెసేజ్ పెట్టాడు. “ఎక్కారు, తిన్నారు, తిరిగారు, ఇంకేం కావాలి? ఊళ్ళోవాళ్ళ దగ్గర మా గైడ్ పరువు తీసింది మీరే.” ఆ వెంటనే గ్రూపులోంచి నన్ను తీసేశారు. ఆ మెసేజ్ దాచి ఉంచాను. చేలో దిగిన బండి వీడియో ఇచ్ఛాపురం అమ్మాయి పంపింది, దాన్ని బండి నంబరుతో సహా అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో ఇచ్చాను. 1915కి ఫోన్ చేసి వినియోగదారుల ఫిర్యాదు కూడా పెట్టాను, జిల్లా కమిషన్‌కీ వెళ్తాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక మాట. ఇవన్నీ ఒక్కరోజులో అయ్యేవి కావు. జౌగడ, దాని దగ్గరి తారాతారిణి కొండ గుడి, భేట్నొయి ఒకవైపు, తప్తపాణి, చంద్రగిరి ఇంకోవైపు, రెండు రోజులు పెట్టుకోండి. టాక్సీ మాట్లాడుకుని మీరే వెళ్ళండి. భేట్నొయికి పొద్దున్నే వెళ్ళి, బండి రోడ్డు మీదే ఆపి, ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగి, గట్టు మీద నుంచి చూడండి. ఎవరికైనా డబ్బు ఇస్తే సగమే ముందివ్వండి. ఒడియా రానివాళ్ళు వచ్చినవాళ్ళని ఒకరిని వెంట తీసుకెళ్ళండి.

బండి నంబరు, గైడ్ ఫొటో కావాల్సినవాళ్ళు నాకు మెసేజ్ పెట్టండి, పంపిస్తాను. వీళ్ళతో వెళ్ళి మోసపోయినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే మీ రసీదులు కూడా ఇవ్వండి, కమిషన్‌లో అన్నీ కలిపి పెడదాం.